ఏడో సూది కోసం కర్నూలు నుంచి కడపకు

ఈ ప్రయాణం మొదలైంది మా కుక్క వల్ల. దాన్ని అనేదానికంటే నన్ను అనాల. మాది బనగానపల్లె పక్కన పల్లె, ఒక మామిడి తోట ఉండాది. ఆ యేడు కాపు బాగా వచ్చింది, పండ్లు తిని పోదువు రమ్మని మా బీగుడు మద్దిలేటికి కబురంపితి. బీగుడంటే మా కూతురు మామ. కోయిలకుంట్ల దిక్కు మనిషి, మీసాలు పెద్దవి, గుండె చిన్నది. తోటలో కాలు పెట్టినాడో ల్యాదో, మా కాపలా కుక్క పోయి పిక్క పట్టుకునె. రక్తం కార్తాంటే నేను చేసిన పని చెప్తే మీరు తిడతారు. నవ్వినా. "బావా, ఇన్నేండ్లలో కూలోళ్లను ఒక్కర్నీ కర్సల్యా. బీగుడొచ్చినాడని నా కుక్క ప్రత్యేకంగా మర్యాద చేసింది" అంటి. పసుపు పెట్టి గుడ్డ కట్టి, తోటలోనే మంచం ఏసి పడుకోబెడ్తి. నాలుగు దినాలకు ఆ కుక్క దవడ జారిపోయి, చొంగ కార్చుకుంటా వచ్చి మా లేగదూడను కరిసె. నీళ్లతొట్టి కాడికి పోయి తాగలేక తన్నుకులాడె. ఊరోళ్లు కొట్టి చంపిరి. నా నవ్వు ఆ పొద్దే పోయింది.

ఆ జబ్బు మనిషికి వస్తే యెట్లుంటాదో నేను ఒకసారి చూసినా. మా ఊరి గొర్లకాపరికి వచ్చింది. చెంబుతో నీళ్లు తెస్తే చాలు, గొంతు బిగుసుకుని వణికిపోయేటోడు. మూడో దినం పోయినాడు. వచ్చినాక మందు ల్యా, రాకముందే సూదులు ఏపిచ్చుకోవాల. బొడ్డు చుట్టూ పద్నాలుగు, దినానికొకటి, మధ్యలో తప్పకూడదు. మద్దిలేటికి ఏమన్నా అయితే నా అల్లుడు నా బిడ్డను ఏమీ అనడు, మంచోడు. గాని నీ నాయన కుక్కే గదా అనే మాట ఎవరూ అనకుండానే ఆ ఇంట్లో ఉంటాది, నా బిడ్డ బతికినన్ని నాళ్లు. అందుకే నేను తోడు బయలుదేరినా. మా నాయన కాలంలో ఈ సూదులకు రైలెక్కి మద్రాసు దాటి కూనూరు కొండకు పోవాల్సిందే. ఇప్పుడు మందే మన జిల్లాలకు దిగొచ్చింది. కుక్క కరిసి మీరుగాని, మీ వాళ్లుగాని ఈ దావన పోవాల్సొస్తే పనికొస్తాదని ఇది రాస్తాండా. నేను చదివింది మూడో తరగతి, తప్పులుంటే సర్దుకోండి.

బనగానపల్లె నుంచి కర్నూలుకు పాణ్యం మీద బస్సు. పొద్దున ఏడుకు ఎక్కితే పదిన్నరకు దించుతాడు, టికెట్టు రూపాయి పావలా. కర్నూలు అప్పుడు రాజధాని అయిన కొత్త. యాడ చూసినా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు. పడుకునేదానికి అరుగు కావాలన్నా బాడిగే. తుంగభద్ర దిక్కు ఒక సత్రంలో గోడవార మాకు జాగా దొరికె. మేం పోయిన ఆస్పత్రి పేరు చెప్పను, ఆడ సూదులు ఉడకబెట్టే ఆయమ్మ నాగమ్మకు తన సంగతి నలుగురిలో పడేది ఇష్టం ల్యా. సూదుల గది ముందర ఒక పొడుగు బల్ల ఉండాది. మొదటి దినమే నేనొకటి చూస్తి. సూది ఏపిచ్చుకున్నోడు కడుపు పట్టుకుని బయటికొచ్చి, ఇంటికి పోకుండా మళ్లా అదే బల్ల మీద కూచుంటాడు. ఆఖరోనికి అయిపోయినాక అందరూ ఒక్కసారి లేస్తారు.

"ఏందమ్మా, సూది అయినాక ఇంకా ఏం వడ్డిస్తావని కూచున్నారు వీళ్లు?" అని నాగమ్మను అడిగితి.

"బంతి అప్పా ఇది. మీ ఊర్లో బంతి మధ్యలో లేస్తారా?" అనె.

"ఆకు ల్యా, అన్నం ల్యా. ఇదేం బంతి?"

"అందుకే ఎవరు ఎవరి పక్కన కూచున్నారని అడిగేది ల్యా. కుక్క అడిగిందా మీ బీగుణ్ణి, ఏం కులమని?"

మద్దిలేటి మీసం దువ్వుకున్నాడు. బంతి భోజనంలో పక్కనోడు తింటాంటే మనం లేసి చెయ్యి కడుక్కునేది ఎంత తప్పో ఈ సీమలో పుట్టినోళ్లకు చెప్పాల్సిన పనిల్యా. ఆ తప్పు భయాన్ని నాగమ్మ తెచ్చి ఆస్పత్రి బల్లకు కట్టేసింది. ఇది ఆమెకు ఒక్క పూటలో తట్టింది కాదు. మొదట్లో నాలుగైదు సూదులకే జనం ఎళ్లిపోయేటోళ్లంట, గాయం మానింది గదా అని, పొలం పని ఉండాదని. డాక్టరు అరిసినాడు, ఇండ్లకు కార్డులు రాసినాడు, గోడకు నోటీసు అంటించినాడు. చదివేదెవరు? నాగమ్మ సొంతంగా సూది అయినోళ్లకు గ్లాసుడు మజ్జిగ ఇచ్చి చూసిందంట. మజ్జిగ తాగి పోయినోళ్లు మళ్లా మొగం చూపించల్యా. ఒకనాడు పెద్ద వాన పట్టుకుని, అయినోళ్లు బయటికి పోలేక కానోళ్ల పక్కనే కూచున్నారు. ఎవరి కుక్క, యాడ కరిసింది, ఎన్నోది నీకు అని మాట్లాడుకున్నారు. మరుసటి దినం ఒక్కరూ తప్పల్యా. "వాన చెప్పింది నాకు. దినమ్మూ వాన రాదు గదా, అందుకని బంతి అని పేరు పెడ్తి" అనె. డాక్టరు 'ఏదో ఒకటి చెయ్ తల్లీ' అన్నాడంట గాని, ఏ పుస్తకంలోనూ రాయల్యా.

మా బంతిలో అయిదు మంది. ఆరో దినానికి ముగ్గురికి పద్నాలుగు అయిపోయి పోయినారు. మిగిలింది మద్దిలేటి, హుసేన్‌బీ. హుసేన్‌బీ కర్నూలు పాతబస్తీలో గాజులు అమ్మే ఆమె, యాభై దాటింటాది, ముంజేతి మీద కుక్క కరిసింది. ఆమెకు అప్పటికి తొమ్మిది అయినాయి. ఆ పొద్దు కాంపౌండరు ఖాళీ పెట్టె చూపిస్తా చెప్పె, "మందు అయిపోయింది. రైల్లో రావాల్సిన పార్సిలు రాల్యా, ఎప్పుడొస్తాదో తెల్దు. కడప ఆస్పత్రిలో ఉండాదని తెల్సుకున్నా. చీటీ రాసిస్తా, రేపు సాయంత్రం నాలుక్కు ముందు ఆడ ఉండండి. నాలుక్కు సూదుల గది మూస్తారు." హుసేన్‌బీ మాత్రం గాజుల బుట్ట సర్దుకుంటా, "కడపలో మా అక్క ఇల్లు ఉండాది రెడ్డీ. గాజులూ అమ్ముతా, సూదులూ ఏపిచ్చుకుంటా" అనె. మద్దిలేటి చీటీ నా చేతిలో పెట్టి సత్రం దిక్కు నడిసె.

మరుసటి దినం పొద్దున అయిదున్నరకు బస్సు. కడపదాకా ఒకే బస్సు, టికెట్టు నాలుగు రూపాయల చిల్లర, దిగేది మూడు గంటలకని చెప్పిరి. ముందర సీట్లోనే కూచుంటిమి. కండక్టరు నా చేతిలో ఆస్పత్రి చీటీ చూడగానే గట్టిగా, "పిచ్చికుక్క కరిసినోళ్లా?" అనె. బస్సు మొత్తం మా దిక్కు తిరిగె. మా ఎనక సీటాయన మూట తీసుకుని లేసి పోయె. డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, "పెద్దాయనా, దావలో వీళ్లకు ఏమన్నా అయితే? బస్సులో ఆడోళ్లుండారు" అనె.

"అప్పా, కరిసింది కుక్క, వీళ్లు కాదు. నేను ఆరు దినాల నుంచి ఈయప్ప పక్కన పడుకుంటాండా, గురక తప్ప ఏ బాధా ల్యా" అంటి.

ఒకరిద్దరు నవ్విరి. డ్రైవరు నవ్వల్యా గాని బండి తీసె. మా చుట్టూ రెండు సీట్లు ఖాళీ, కాళ్లు చాపుకుని పోతిమి. బయట ఎండ అప్పుడే మొదలు. నల్లరేగడి నోరు తెరుచుకుని ఉండాది, కేసీ కాలవలో చుక్క ల్యా, అడుగున ఎనుముల కాలి గుర్తులు ఎండిపోయి గట్టిపడిండాయి. హుసేన్‌బీ దావ పొడుగునా నాకు గాజుల రకాలు చెప్పుకుంటా వచ్చె. నేను వింటాండానే గాని కన్ను మద్దిలేటి మీదే. ఆయప్ప కిటికీలోంచి బయటికి చూస్తా, ఎంగిలి మింగేదానికి కూడా ఆలోచిస్తాన్నట్లుండె.

నంద్యాల్లో ఎనిమిదిన్నరకు ఆపిరి, ఇరవై నిమిషాలు టైమిచ్చిరి. బస్టాండు పక్కన ఒక హోటలు, వంటామె తానే బొరుగుల ఉగ్గాని కలుపుతా, తానే బజ్జీ ఏస్తా, తానే అందర్నీ తిడతాండాది. ఉగ్గాని, బజ్జీ రెండణాలు. బాగుంటాది, మీరు పోతే తినండి. మద్దిలేటి ఉగ్గాని తిన్యాడు. వంటామె నీళ్ల చెంబు ముందర పెట్టె. ఆయప్ప చెంబును చూసి మొగం పక్కకు తిప్పుకునె.

"ఏమప్పా, కారం లేదా నా బజ్జీలో? నీళ్లు తాగవా?" అనె ఆమె.

"వద్దు" అనె మద్దిలేటి.

"తాగు బావా" అంటి.

"వద్దన్నా గదా."

గొంతు పొడిబారి ఉండాది, పెదాలు పగిలిండాయి, మే నెల ఎండ, నీళ్లు వద్దంటాండాడు. నాకు గొర్లకాపరి కండ్ల ముందర వచ్చి నిలబడె. నోట్లో ఉగ్గాని నమల్లేకపోతి. హుసేన్‌బీ కూడా చూసింది. ఆమె గాజుల మాట ఆపేసి, నా దిక్కు ఒక్క చూపు చూసి తల దించుకునె. మళ్లా బస్సెక్కినాక నేను ఆయప్ప చొక్కా పట్టుకుని అడగాలనుకుంటి, నీళ్లంటే ఏమనిపిస్తాండాదని. అడగలేకపోతి. అడిగితే ఏం చెప్తాడో అని భయం. ఆళ్లగడ్డ దాకా రెండు గంటలు, నా జన్మలో అంతసేపు ఎవర్నీ ఎగతాళి చెయ్యకుండా ఉండింది అదే. హుసేన్‌బీ ఒకసారి తన సీసాలో నీళ్లు తాగి, కావాల్నే ఆయప్ప దిక్కు సీసా చాపె. ఆయప్ప చేత్తో తోసేసె. చెయ్యి వణకల్యా. వణకల్యా అని నేను పదిసార్లు నాకు నేనే చెప్పుకుంటి.

ఆళ్లగడ్డలో పదకొండుకు ఆగె. "బావా, ఒంటికి పోసుకుని వస్తా" అని మద్దిలేటి దిగె. రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. డ్రైవరు హారను కొట్టె. నేను దిగి చూస్తే గోడ కాడ లేడు. బస్టాండు ఆ పక్క కోయిలకుంట్ల బస్సు నిలబడుండె, లోపల మూడో కిటికీలో ఆ మీసాలు కనిపించె. కోయిలకుంట్లంటే ఆయప్ప ఊరి దావ. ఇంటికి పోతాండాడు. నేను పరిగెత్తితి. ఎనకనుంచి మా డ్రైవరు, "పెద్దాయనా, నేను బండి తీస్తాండా, మీకోసం అందరూ ఎండలో మాడాల్నా?" అని అరిసె.

అప్పుడు హుసేన్‌బీ చేసింది నేను ఎనక్కి తిరిగి చూస్తి. బస్సు దిగి, గాజుల బుట్ట పక్కన పెట్టుకుని, ముందర చక్రం కాడ మన్నులో మఠం ఏసుకుని కూచునె.

"అమ్మా, లే. నీకు పిచ్చా?" అనె డ్రైవరు.

"ఒకాయన ఇంకా ఎక్కల్యా" అనె ఆమె నిమ్మళంగా. "మా బంతిలో మనిషి మధ్యలో లేసిపోయినాడు. ఆయన వచ్చేదాకా నేను లేయను. ఎక్కించి పోతావో, నా మీద ఎక్కించి పోతావో నీ ఇష్టం అన్నా."

"ఏం బంతి? యాడ బంతి?" అని ఆయన తల పట్టుకునె. బస్సులోంచి జనం దిగి చుట్టూ నిలబడిరి.

నేను కోయిలకుంట్ల బస్సెక్కి మద్దిలేటి పక్కన కూచుంటి. ఆయప్పే చెప్పె. సత్రంలో ఒక ఆకుమందు మనిషి దిగుండె. మొన్న నేను బట్టలు ఉతికేదానికి నదికి పోయినప్పుడు, ఆయప్పకు పసరు ఉండ బెల్లంలో పెట్టి ఇచ్చినాడంట. మూడు దినాలు మింగాల, పత్యం ఉండాల, పొద్దు తిరిగేదాకా చుక్క నీళ్లు ముట్టకూడదు. నిన్న సూది ఏపిచ్చుకున్న సంగతి చెప్తే ఆ మనిషి, ఇంక ఒక్క సూది పడినా లోపల పసరు ఇషమైపోతాది, ఆ రాత్రే పోతావు అన్నాడంట. "సూది నొప్పికి కాదు బావా నేను పోయేది. ఈ పొద్దు సూది పడితే చస్తాను" అనె. కండ్లలో నీళ్లు తిరిగె.

నాకు ఒక దిక్కు ప్రాణం లేసొచ్చె, నీళ్లు తాగంది పత్యానికని తెల్సి. ఇంకో దిక్కు నమ్మకం కుదరల్యా. పత్యానికో, జబ్బుకో ఎవరికి తెల్సు? జబ్బొచ్చినోడు కూడా ఏదో ఒక సాకు చెప్తాడు గదా. ఆ బస్సు కిటికీ కాడ ఒక ముసిలామె కుండలో నీళ్లు పెట్టుకుని గ్లాసు అర్ధణాకు అమ్ముతాండె. ఒక గ్లాసు తీసుకుని ఆయప్ప చేతిలో పెడ్తి.

"తాగు బావా."

"తాగితే మందు పాడైతాది."

"తాగకుంటే నేను ఈడనే కూచుని నీకోసం ఏడుస్తా. నా మొగం చూడు. నేను ఎగతాళి చేస్తాండానా?"

ఆయప్ప నా మొగం చూసె. శానాసేపు చూసె. ఈ పది పన్నెండు దినాల్లోనే కాదు, పిల్లల పెండ్లి అయినప్పట్నుంచి ఆయప్ప నన్ను అట్ల చూడల్యా. గ్లాసు ఎత్తె. మొదటి గుక్క మింగేటప్పుడు ఆ గొంతు మీదనే ఉండె నా కన్ను. దిగె. రెండోది దిగె. గటగటా మొత్తం తాగి, ఇంకో గ్లాసు అడిగె. ఇంకో అర్ధణా ఇచ్చి అదీ కొనిస్తి.

"ఇప్పుడు చెప్పు బావా. పత్యం తప్పినాక పసరు పని చేస్తాదా?"

"చెయ్యదు" అనె బాధగా.

"పని చెయ్యని మందు ఇషం యెట్ల అయితాది?"

ఆయప్ప ఆలోచించె. నేను కూడా ఆలోచిస్తి, ఎందుకంటే ఆ మాట నాకే అప్పుడే తట్టింది. పసరు అబద్ధమని, ఆ మనిషి దొంగని నేను వాదించింటే ఆయప్ప కోయిలకుంట్లకే పోయుండు. ఆయప్ప నమ్మకంలోనే ఒక వాకిలి తెరుచుకుండె. అప్పుడే కిటికీలోంచి అవతల బస్టాండులో గుంపు కనపడె. గుంపు మధ్యలో ఎర్రటి ఎండలో, తలమీద కొంగు కప్పుకుని, మన్నులో కూచున్న హుసేన్‌బీ.

"ఆమె ఎందుకట్ల కూచునింది?" అనె మద్దిలేటి.

"నువ్వు లేసినావని."

ఆయప్ప లేసె. దిగి, గుంపు తోసుకుని పోయి ఆమె ముందర నిలబడి, "లే అమ్మా" అనె. ఆమె లేసి కొంగు దులుపుకుంటా, "రెడ్డీ, నీవల్ల నా బుట్టలో రెండు డజన్లు ఎండకు కాగినాయి, చేతికేసుకుంటే ఎవరికైనా కాలిపోతాది" అనె. జనం నవ్విరి. డ్రైవరు కూడా, ఆ పొద్దుటికి మొదటిసారి. ఎక్కినాక ఆయనే నన్ను అడిగె, "పెద్దాయనా, ఆ బంతి సంగతేంది చెప్పు." మైదుకూరు దాకా నాగమ్మ కథ మొత్తం చెప్తి. మా చుట్టూ ఖాళీగా ఉన్న సీట్లలోకి వినేదానికి నలుగురు వచ్చి కూచునిరి. అయితే ఆళ్లగడ్డలో ముప్పావు గంట పోయింది. మైదుకూరులో రేడియేటరు పొగలు కక్కె, నీళ్లు పోసి చల్లార్చేదానికి ఇంకో పావుగంట. డ్రైవరు మాకోసం బిరబిరా తోలె. చెన్నూరు కాడ పెన్న దాటేటప్పుడు నది మొత్తం తెల్లటి ఇసకే, కండ్లు తెరవలేకపోతిమి. కడపలో దిగేటప్పటికి మూడూ ముప్పావు.

జట్కా ఎక్కితిమి. "ఆస్పత్రికి బిన్న పోనీ అప్పా, నాలుక్కు మూస్తారు" అంటే, జట్కాయప్ప నిదానంగా, "రోగం ఎవరికి?" అనె. "నాకు తప్ప అందరికీ" అంటి. పాపం, గుర్రాన్ని పరిగెత్తించినాడు, అయిదణాలు తీసుకునె. సూదుల గది కాడ దిగినప్పుడు ఇంకా అయిదు నిమిషాలుండె.

కడప కాంపౌండరు సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మణికట్టుకు గడియారం. చీటీ చూసె, పేర్లు రాసుకునె, ఒక్క మాట ఎక్కువ మాట్లాడల్యా. ఆడ పద్ధతి శానా శుభ్రం. ముందర తలుపులో పిలిస్తే పోవాల, సూది అయినాక ఎనక తలుపులోంచి బయటికి పోవాల. ఒకరికొకరు అడ్డం రారు. బయట బల్ల మీద ఒక్కాయన కూచునుండె, ఓబులేసంట, ప్రొద్దుటూరు దిక్కు నేతపని. ఆయనకది నాలుగోది. నాతో నెమ్మదిగా చెప్పె, "ఇదే ఆఖరు నాకు. మగ్గం ఖాళీగా ఉండాది. ఎవరడుగుతారులే, ఎనక తలుపున పోతే కుక్కకు కూడా తెల్దు."

ముందు హుసేన్‌బీని పిలిసిరి. ఆమె లోపలికి పోయె. తర్వాత మద్దిలేటి. ఆయప్ప గడప కాడ ఒక్క క్షణం నిలబడె, చెయ్యి కడుపు మీద పెట్టుకుని. ఈ పొద్దు చస్తానని పొద్దున్నుంచీ నమ్మినోడు, నీళ్లు తాగినంత మాత్రాన ఆ భయం మొత్తం పోతాదా? ఆయప్ప లోపలికి పోయె. లోపల్నుంచి ఏ శబ్దమూ రాల్యా. తర్వాత ఓబులేసును పిలిసిరి.

నేను బల్ల మీద ఒంటరిగా కూచునుంటే, ఆస్పత్రి చుట్టూ తిరిగి ఎండలో నడుచుకుంటా హుసేన్‌బీ వచ్చె, కడుపు పట్టుకుని. వచ్చి బల్ల మీద కూచునె. ఆమె ఎనకే మద్దిలేటి. ఆయప్పా కూచునె. కాంపౌండరు ఓబులేసుకు సూది ఏసి, గది మూసేదానికి ముందరికొచ్చి చూస్తే, పోయినోళ్లు ఇద్దరూ ఎదురుగా కూచునుండారు.

"అయిపోయింది గదా. ఇంక పోండి" అనె.

"ఇంకొకాయన రావాల" అనె మద్దిలేటి.

"ఆయన ఎనక తలుపున పోయినాడు."

మద్దిలేటి లేసె. అప్పుడే సూది పడిన కడుపుతో, మీసాల మీద చెమటతో, ఆస్పత్రి గోడ తిరిగి పరిగెత్తినంత పని చేసె. నేనూ ఎనకాల పోతి. ఓబులేసు గేటు దగ్గరికి పోయుండె. మద్దిలేటి ఆయన భుజం మీద చెయ్యేసె. "అన్నా, వచ్చి కూచో" అనె.

"ఎందుకు? అయిపోయింది గదా నాకు."

"నీకు అయిపోయింది. బంతి కాలేదు. నాకు ఇంకా ఏడుండాయి, ఆమెకు నాలుగుండాయి, నీకు పదుండాయి. నువ్వు లేసిపోతే నేనూ పోతా. నేను పోతే ఈ మనిషి" అని నా దిక్కు చూపించి, "ఈ ముసిలోడు ఏడుస్తాడు. నేను ఈ పొద్దే చూసినా, చూసేదానికి బాగుండదు."

ఓబులేసు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసె. ఏమర్థమైందో గాని వచ్చినాడు. నలుగురమూ ఆ బల్ల మీద కూచుంటిమి. ఎవరి కుక్క అని ఓబులేసు అడిగె. మద్దిలేటి నా కుక్క కథ నాకంటే బాగా చెప్పె, నన్ను ఎంత ఎగతాళి చెయ్యాల్నో అంతా చేసె. నాలుగు దాటి పది నిమిషాలయ్యె. కాంపౌండరు తాళం చేతిలో పట్టుకుని గడప మీదే నిలబడుండె. లోపలికి పోయి రిజిస్టరు తెచ్చుకుని పేజీలు తిప్పె, సగంలో ఆగిపోయిన పేర్ల మీద వేలు పెట్టుకుంటా. "ఆడ ఎవరు చెప్పినారు ఇట్ల కూచోమని? డాక్టరా?" అని అడిగె. "కాదు సారూ, సూదులు ఉడకబెట్టే ఆమె" అంటి. ఆయన రిజిస్టరు మూసె. గదిలోంచి తన స్టూలు తెచ్చుకుని మా ఎదురుగా ఏసుకుని కూచునె.

మద్దిలేటికి పద్నాలుగూ ఆడే అయినాయి. ఇప్పుడు తింటాండాడు, తాగుతాండాడు, నా మీద చాడీలు చెప్తాండాడు. కొన్నాళ్లకు నేను పని మీద కడప పోయినప్పుడు చూస్తే, ఆ ఆస్పత్రిలో ఎనక తలుపుకు గడి పెట్టి, దాని ముందర బీరువా జరిపిండారు. బల్ల పొడుగుది చేసిండారు. మైదుకూరు ఆస్పత్రిలోనూ ఇట్లనే కూచోబెడ్తాండారని మా బస్సు డ్రైవరు చెప్పె. కడప కాంపౌండరు గాని ఆయన గాని నాగమ్మను చూడనే ల్యా. నోటీసు చదివి ఎవరూ నేర్చుకోల్యా, పై ఆఫీసునుంచి కాయితమూ రాల్యా. ఒకరు మన్నులో కూచుంటే ఇంకొకరు చూసినారు, చూసినాయన ఇంకో ఊర్లో ఇంకొకాయన భుజం మీద చెయ్యేసినాడు. నేను మూడో తరగతి చదివినోణ్ణి, పెద్ద సంగతులు నాకు తెల్దు. మందు రైల్లో వస్తాది, పార్సిలు తప్పిపోతే రాదు. ఈ బంతి మాత్రం మనిషి తోడే వచ్చింది, మద్దిలేటి కోయిలకుంట్లకు పోయుంటే ఆళ్లగడ్డలోనే ఆగిపోయుండేది.

మీరు పోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కడప నుంచి తిరిగి మైదుకూరు దిక్కు పోయేదానికి నాలుగున్నరకు ఒక బస్సు, ఆరుకు ఒక బస్సు ఉండాయి. ఆరు గంటల దానికే టికెట్టు కొనుక్కోండి. నాలుగున్నర దానికి కొంటే లేయాలని బుద్ధి పుడతాది.